తువ్వాల కింద పౌన్లు

నా చదువు ఏడో తరగతిలో ఆగింది. లెక్కల సారు ఒకరోజు బయట నిలబడమన్నాడు. నేను ఇంకా బయటే ఉన్నాను. ఈ మాట ఎక్కడ చెప్పినా జనం నవ్వుతారు. అందుకే ముందు ఇది రాశాను. తర్వాత రాయబోయేది నవ్వే సంగతి కాదు.

నేను తాండూరు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, కందుల దళారిని. ఇల్లు వికారాబాదులో. పొద్దుటి ప్యాసింజరుకు పోతాను, సాయంత్రం ఏది దొరికితే దానికి వస్తాను. రైతు సంచులు తెస్తాడు, మిల్లు సేటు కొంటాడు, మధ్యలో నేను మాట్లాడతాను. సంచి అమ్ముడైతేనే నాకు కమీషన్. రైతుకు రేటు నచ్చక సంచులు బండిలోనే ఉంచుకొని దోమ ఊరికో కుల్కచర్లకో తిరిగి పోయాడంటే నాకు చాయ పైసలు కూడా మిగలవు. కాబట్టి ముప్పై ఏళ్ళుగా నా నోటికి అలవాటైన మాట ఒకటే. అమ్మేయ్. ధర పెరిగితే, "గింత రేటు మళ్ళ రాదు, అమ్మేయ్." తగ్గితే, "రేపు ఇంకింత పడుతది, అమ్మేయ్." అయినా వినకపోతే చివరికి ఒక పని చేస్తాను. దోసెడు కందులు తీసి ఎండలో పట్టుకొని, లేని పురుగును వెతికి, "పుచ్చు మొదలైతున్నది మామా" అంటాను. పుచ్చు అనే మాటకు భయపడని రైతు మా దిక్కు లేడు.

మా ఇంటి పైపోర్షన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక పెద్ద వయసు జంట అద్దెకు వచ్చారు. ఆమెది నవాబుపేట దగ్గరి పల్లె. కూలికి పోయే క్రైస్తవుల ఇంట్లో పుట్టి, నర్సు చదువు చదివి, ఇంగ్లండు పోయి ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేసింది. ఆయన అక్కడివాడే. తెల్లాయన. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు చెడిపోయి, అక్కడి చలికీ తేమకూ ప్రతి చలికాలం ఆస్పత్రిలో పడేవాడట. ఒకసారి ధారూరు క్రైస్తవుల జాతరకని భార్య వెంట వచ్చి మూడు వారాలున్నాడు. ఇక్కడి అనంతగిరి గుట్టల గాలికి ఆయాసం తగ్గి, మెట్లు ఎక్కగలిగాడు. అంతే, అక్కడి సర్కారు అద్దె ఇల్లు తిరిగి అప్పగించేసి ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు.

ఆమె నన్ను మొదటి రోజే తమ్మీ అన్నది. నేను అక్కా అన్నాను. ఆయనను ఏమనాలో తెలియక "దొరా" అంటే, ఆయనకు కోపం వచ్చింది.

"నేను దొర కాదు. డ్రైవర్," అన్నాడు. భార్య దగ్గర నేర్చిన తెలుగు ఆయనది. పలుకు వేరేగా ఉన్నా మాటలు మా ఊరివే.

"అక్క మొగుడివి. మరి బావవైతవ్," అన్నాను.

"బావ అంటే?"

"ఎంత ఆటపట్టించినా కోపం తెచ్చుకోనీకె హక్కు లేనోడు."

ఆమె పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి నాకు లైసెన్సు దొరికినట్టే అయింది.

అద్దె బేరం కూడా ఆటలాగే జరిగింది. మా గంజ్‌లో పాతకాలం పద్ధతి ఒకటుంది. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాల కప్పుకొని వేళ్ళు పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, పంజా మొత్తం పట్టుకుంటే అయిదు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు. ఇప్పుడు రేట్లన్నీ కంప్యూటర్లో వస్తున్నాయి కానీ ముసలి సేట్లు ఇంకా తువ్వాల వదలలేదు. బావకు ఇది చూపిస్తానని తువ్వాల కప్పాను. ఆ గల్లీలో అద్దె ఆరు వేలు నడుస్తోంది. ఆయన సరదాగా నా పంజా మొత్తం పట్టుకున్నాడు, వదిలి, మూడు వేళ్ళు పట్టుకున్నాడు. ఎనిమిది. నేను తువ్వాల తీసి, "మస్తు బేరగాడివి బావా, నన్ను ముంచినవ్," అన్నాను. మర్నాడు గంజ్‌లో ఈ సంగతి చెప్పి నలుగురినీ నవ్వించాను. నెలకు రెండు వేలు ఎక్కువ వస్తున్నదని మా ఇంటామె కూడా నవ్వింది.

వాళ్ళతో ఉంటూ ఉండగా ఒక విషయం అర్థమైంది. ఈ దేశం ఆయనకు పరాయిది. ఆమెకు సొంతమే, కానీ ఆమె డబ్బుకు మాత్రం పరాయిదే. అక్కడి సర్కారు ఇచ్చే పింఛను పౌన్లలో వస్తుంది. అక్కడే ఉంటే ఏటా కొంత పెంచుతారట, ఈ దేశానికి వచ్చి ఉన్నవాళ్ళకు పెంచరట. వచ్చిన నాడు ఎంతో చచ్చేదాకా అంతే. అది తిండికీ అద్దెకూ సరిపోయేది. బావ మందులకు, ఆక్సిజన్ మిషన్‌కు, రేపు ఆస్పత్రి పాలైతే దానికి, ఇద్దరూ ఇన్నేళ్ళు దాచుకున్న సొమ్ము వేరే ఉంది. అది లండన్ బజారులో షేర్లలో ఉంది, బావ పేరు మీద. ఆ సొమ్మున్నన్నాళ్ళు వాళ్ళు వికారాబాదులో ఉంటారు. అది అయిపోతే బావ మళ్ళీ ఆ చలికి పోవాలి.

"పోతే రెండు చలికాలాలు బతుకుతడు. మూడోది చూడడు," అన్నది అక్క ఒకసారి, బియ్యం ఏరుతూ. రోగి సంగతి చెబుతున్న నర్సులా చెప్పింది.

అందుకే ఆ డబ్బును ఆమె పసిపిల్లను చూసినట్టు చూసుకునేది. వంటింట్లో తిథుల క్యాలెండరు ఉండేది. ప్రతిరోజూ ఆ తేదీ గడిలో పెన్సిలుతో పౌను రేటు రాసేది. పౌను లేచిన నెలలో దాచిన దాంట్లోంచి కొంత తెప్పించుకునేది. పడిన నెలలో ముట్టుకునేది కాదు. పైగా రెండేళ్ళ ఖర్చు ఇక్కడి బ్యాంకులో రూపాయల్లో పెట్టింది.

"రెండేండ్లది ఎందుకక్కా? పెండ్లి చేస్తున్నవా బావకు మళ్ళ?"

"బజారు పడ్డనాడు గతిలేక అమ్ముకోకుండ ఉండనీకె తమ్మీ. పడ్డది లేస్తది. లేచేదాక మనకు తిండి ఉండాలె, గంతే."

ఇంత పద్ధతిగా ఆలోచించుకున్న మనిషిని నేను ఎట్లా ముంచానో ఇప్పుడు చెప్పాలి.

కరోనా ఇంకా టీవీలోనే ఉన్న మార్చి నెల. ఊళ్ళన్నీ మూతపడటానికి కొద్ది రోజుల ముందు. ఆ రోజు గంజ్‌కు సెలవు. స్టేషన్ రోడ్డు చాయ హోటల్లో రోజూ కూర్చునే మేము అయిదారుగురం కూర్చున్నాం. బావ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. చాయ ముందు పెట్టుకొని తాగటం లేదు.

"ఏం బావా, ముఖం గట్ల పెట్టినవ్? డీజిల్ అయిపోయిందా?" అన్నాను.

"బజారు పడుతుంది. రోజూ పడుతుంది," అన్నాడు. "పౌను కూడా పడుతుంది. రెండు దిక్కుల దెబ్బ."

"అక్క ఏమంటది?"

"ఆగుమంటది. ముట్టుకోవద్దు అంటది." చాయ గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. "నాకు నిద్ర లేదు. ఇంత పోయినంక ఏం మిగులుతుంది?"

షేరంటే ఏమిటో నాకు తెలియదు. నాకు తెలిసిన షేరు ఆటోలో నలుగురు ఎక్కేది ఒక్కటే. తెలియదని చెప్పి ఊరుకుంటే అయిపోయేది. కానీ చుట్టూ అయిదుగురు నేనేమంటానో అని నా నోటి వైపు చూస్తున్నారు. అట్లా చూస్తే నేను ఊరుకోలేను. చొక్కా జేబులో ముందు రోజు మచ్చుకు తెచ్చిన కందులు ఉన్నాయి. తీసి ఆయన అరచేతిలో పోశాను.

"గివ్వి మూడు నెలలు మూలకు పడేస్తె ఏమైతయ్ బావా? పుచ్చి పిండైతయ్. నీ షేర్లు గూడ గంతే. పుచ్చు పట్టకముందే అమ్మేయ్. రూపాయలు చేసి మన బ్యాంకుల ఏసుకో. నీ కండ్ల ముందల ఉంటయ్. పరేషాన్ ఉండదు."

పిండి గిర్నీ నడిపే ఆయన "నిజమే" అన్నాడు. ఇంకొకరు తలూపారు. మాలో ఒక్కడికి కూడా షేర్లు లేవు.

బావ కందులను చేతిలో అటూ ఇటూ జరిపాడు. ఆ రోజు అక్క ఊళ్ళో లేదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేక నవాబుపేట పోయింది.

"సాయంత్రం ఆమె వస్తుంది. అడుగుత," అన్నాడు.

ఇక్కడ నేనన్న మాట ఇన్నేళ్ళూ అక్కకు తెలియకుండా దాచుకున్నాను.

"అడుగు, అడుగు. గా దేశంల బస్సుకు బ్రేక్ ఏసేముందు గూడ అక్కనే అడిగినవా?"

హోటలంతా నవ్వింది. చాయ పోసే ఆయన కూడా జగ్గు పట్టుకొని నవ్వాడు. బావ కూడా నవ్వాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. తెల్లవాళ్ళు అది దాచుకోలేరు. బావను ఎంతైనా అనొచ్చు, మన పద్ధతే అది అనుకున్నాను. ఆ పద్ధతి ఆయనకు కొత్తదనీ, మాట పడటం మాత్రమే నేర్చుకున్నాడనీ, తిప్పికొట్టటం ఇంకా రాలేదనీ నాకు తోచలేదు.

లండన్ బజారు మన మధ్యాహ్నం ఒకటిన్నరకు తెరుస్తారట. నేను అన్నం తింటున్నాను. పై నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. ఫోన్లో ఇంగ్లీషులో ఏదో చెబుతూ, ప్రతి మాటకూ "యెస్, యెస్" అంటున్నాడు.

"పైన పెద్దాయన గట్టిగ మాట్లాడుతుండు. ఏమైందో?" అన్నది మా ఇంటామె.

"బేరం," అన్నాను పప్పు కలుపుకుంటూ. నాకు గొప్పగా అనిపించింది. నోటి మాటతో లండన్లో సరుకు అమ్మించాను మరి.

అక్క అయిదు గంటల బస్సుకు వచ్చింది. పై నుంచి గొడవ ఏమీ వినిపించలేదు. తర్వాత ఒకరోజు అద్దె ఇవ్వటానికి రమ్మంటే పైకి పోయాను. క్యాలెండరులో ఆ రోజు నుంచి గడులన్నీ ఖాళీగా ఉన్నాయి.

నేను ఊరుకున్నానా? లేదు. రైళ్ళు ఆగిపోయేదాకా ఉన్న ఆ నాలుగు రోజులూ గంజ్‌లో అదే కథ. "తెల్లాయనకు పుచ్చు చూపెట్టి లండన్ సరుకు అమ్మించిన." సేట్లు కడుపు పట్టుకొని నవ్వారు.

ఆ తర్వాత అన్నీ మూతపడ్డాయి. ఇంట్లో కూర్చొని టీవీ చూడటమే పని. ఎండాకాలం పోకముందే పౌను లేచింది. బజారు కూడా మెల్లమెల్లగా లేచింది. అక్క చెప్పినట్టే. కానీ బావ దగ్గర అప్పటికి షేర్లూ లేవు, పౌన్లూ లేవు. అడుగున పడి ఉన్న పౌనుతో మార్చిన రూపాయలే ఉన్నాయి. వాటి మీద బ్యాంకు వడ్డీ కూడా తగ్గించింది. అమ్మకుండా ఉంటే ఉండేదానిలో మూడో వంతుకు పైగా పోయిందని బావే ఒకసారి మెట్ల మీద చెప్పాడు. చెప్పి, నా ముఖం చూడకుండా, "నేను చేసిన. నా తప్పు," అన్నాడు. నువ్వు చెబితే చేశానని అనలేదు. అనొచ్చు కదా అని ఎదురుచూశాను కూడా. అంటే నేను ఏదో ఒక హాస్యం ఆడి బయటపడేవాణ్ణి.

మళ్ళీ ఆ పైసలతో షేర్లు కొనటానికి ఆయనకు ధైర్యం చాలలేదు. నేను చాయ హోటల్ మార్చాను.

రైళ్ళు మళ్ళీ మొదలైన తర్వాత ఒక పొద్దున ప్లాట్‌ఫారం మీద అక్క కనిపించింది. తెల్ల చెప్పులు, భుజాన సంచి, సంచిలో టిఫిన్ డబ్బా.

"ఎక్కడికక్కా?"

"డ్యూటీకి."

"ఏం డ్యూటీ?"

"తాండూరుల చిన్న దవాఖాన ఉంది. ఆపరేషన్ గది చూసుకునేటోళ్ళు కావాలన్నరు. సిస్టరమ్మ డెబ్బై దగ్గరికొచ్చింది, అయినా ఫర్వాలేదన్నరు." నవ్వింది. "ఆపరేషన్ చేయించుకునేటోనికంటె నాకే వయసెక్కువ ఉంటది తమ్మీ. వాడు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటడు."

మామూలుగా అయితే దానికి మించిన మాట నేనొకటి అనాలి. రైలు వస్తుంటే, "ఇంజన్ దిక్కు మావోళ్ళున్నరు అక్కా," అని ముందుకు పోయాను. ఇంజన్ పక్క డబ్బాలో మావాళ్ళెవరూ లేరు. ఒక మేకపిల్లతో ఒక ముసలమ్మ ఉంది.

అప్పటి నుంచి అదే నా డబ్బా అయింది. అక్క మధ్య డబ్బాలో ఎక్కుతుందని నాకు తెలుసు. స్టేషన్లోకి ఆమె కంటే ముందు పోయి, ప్లాట్‌ఫారం చివరకు నడిచి, నీళ్ళ ట్యాంకు వెనుక నిలబడేవాణ్ణి. తాండూరులో అందరూ దిగి పోయేదాకా ఆగి దిగేవాణ్ణి. టికెట్టు కొనని మనిషి కూడా అంత దాక్కోడు. నా జేబులో సీజన్ పాసు ఉంది.

నేను చూడకూడదనుకున్నా ఒకటి రెండుసార్లు చూశాను. సాయంత్రం రైలు దిగి, ఓవర్ బ్రిడ్జి మెట్ల దగ్గర ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, రెండో చేత్తో మోకాలు ఒత్తుకుంటూ ఆగేది. జనం ఆమెను దాటుకొని పోయేవారు. నేను జనం వెనుక నిలబడేవాణ్ణి. ఆమె పైకి చేరాక ఎక్కేవాణ్ణి. ఇన్ని సంచులు మోయించిన మనిషిని, ఒక్క టిఫిన్ సంచి అందుకోలేకపోయాను.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. పోయిన వానాకాలం ఒక పొద్దున కుండపోతగా వాన. నేను స్టేషన్ చేరేసరికి రైలు కదులుతోంది. ముందు కనిపించిన డబ్బాలోకి ఎక్కేశాను. తలుపు దగ్గర నీళ్ళు దులుపుకొని లోపలికి తిరిగితే అక్క. కిటికీ పక్కన కూర్చుంది. సంచి తీసి ఒళ్ళో పెట్టుకొని జరిగింది.

"రా తమ్మీ. ఇంజన్ దిక్కు మీవోళ్ళు లేరా ఇయాల?"

కూర్చున్నాను. గొడంగూడ దాటేదాకా వాన గురించి మాట్లాడాం. ధారూరు దగ్గర ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు బజారు మనిషివి. ఒక మాట అడుగుత. అక్కడి దవాఖానల నేను చేసిన నౌకరికి నా పేరు మీద కొంత రావాలె. ఒక్కసారే తీసుకోవచ్చు. పౌను ఇప్పుడు మంచిగనే ఉంది. తెప్పించుకోనా, ఇంకింత ఆగనా?"

"బావ ఏమంటడు?"

"మీ బావకు చెప్పలే. పైసల ముచ్చటంటేనే ఆయనకు దమ్ము, ఆయాసం ఎక్కువైతది. గా షేర్లు అమ్మినప్పటి సంది ఇట్లనే. ఇది పోతే మాత్రం ఇగ ఏం లేదు తమ్మీ. ఇది నేను పని చేయలేనినాటికి."

నా నోట్లో మాట తయారుగా ఉంది. నేను పిలవలేదు, అదే వచ్చి నాలుక మీద కూర్చుంది. మంచి రేటు, మళ్ళ రాదు, తెప్పించేయ్. ముప్పై ఏళ్ళ అలవాటు. పెదవులు బిగించి దాన్ని మింగాను.

"నాకు తెలువదక్కా," అన్నాను.

"నీకు తెలువంది గూడ ఉందా?" నవ్వింది.

"అప్పుడు గూడ తెలువదు. తెలువకుండనే చెప్పిన బావకు."

ఆమె నవ్వు ముఖం మీద అట్లాగే ఆగిపోయింది. నేను ఆగలేదు. చాయ హోటల్ చెప్పాను. జేబులో కందులు చెప్పాను. సాయంత్రం ఆమెను అడుగుతానని బావ అన్నది చెప్పాను. బస్సు బ్రేకు మాట చెప్పాను. అందరూ నవ్వింది చెప్పాను. అదే మాట హోటల్లో ఎంత బాగా పేలింది! రైలు డబ్బాలో చెబుతుంటే దానిలో నవ్వటానికి ఏముందో నాకే అర్థం కాలేదు.

ఆమె కిటికీ వైపు తిరిగింది. అద్దం మీద వాన నీళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు.

"నేను గా దినం ఏ బస్సుకొచ్చిన?" అని అడిగింది.

"అయిదు గంటలది."

"ఆయన ఫోన్ చేసింది?"

"ఒకటిన్నరకు."

"మూడున్నర గంటలు ఆగకపోతిరి," అన్నది.

మళ్ళీ తానే అన్నది. "నన్ను అడగాలని ఆయనకు తోచనే లేదనుకున్న. ముప్పై ఏండ్లు నేను రాత్రి డ్యూటీలు చేసిన పైసలు, నన్ను లెక్కల్నే పెట్టలేదనుకున్న. నాలుగు నెలలు మాట్లాడలేదు తమ్మీ ఆయనతోటి. ఇంట్ల ఉన్నది ఇద్దరం. బయట పోనీకె లేదు. దమ్ము ఎక్కువైనప్పుడు మిషన్ పెట్టిన, నీళ్ళిచ్చిన, మాట్లాడలే. ఆయన ఒక్కనాడు గూడ ఫలానాయన చెప్పిండు అనలేదు."

పైన జరిగింది నాకు తెలియదు. ఆ నాలుగు నెలలూ నేను వాళ్ళ కాళ్ళ కింద, ఒక స్లాబు అడుగున, టీవీ చూస్తూ ఉన్నాను.

రుక్మాపూరులో రైలు ఆగింది. ఆమె లేచి, సంచి భుజాన వేసుకొని, అవతలి వరుసలో ముగ్గురు ఆడవాళ్ళ మధ్య సందు చేయించుకొని కూర్చుంది. తాండూరు దాకా నా వైపు చూడలేదు. నా పక్కన ఆమె ఖాళీ చేసిన చోట ఎవరో కూరగాయల మూట పెట్టారు.

ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక పైకి పోయాను. ఏం చెప్పాలో అనుకోలేదు. అనుకొని పోతే అది బేరమాడినట్టుంటుంది. బావ వసారాలో కుర్చీలో ఉన్నాడు, ముక్కుకు గొట్టం, పక్కన మిషన్ గుర్రుమంటోంది. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి చెయ్యి చాపాడు.

"ఆమె నాతో మాట్లాడింది," అన్నాడు. "నిన్న మొత్తం. నువ్వు ఎందుకు చెప్పినవ్? నేను చెప్పలేదు కదా."

"తప్పయింది బావా."

ఆయన నా భుజం మీది తువ్వాల లాగి మా చేతుల మీద వేసుకున్నాడు. అద్దె మాట ప్రతి ఏడూ ఆ నెలలోనే అనుకుంటాం, ఎప్పుడూ ఆ ఎనిమిదే. తువ్వాల కింద ఆయన మూడు వేళ్ళు పట్టుకున్నాను. మూడు వేలు చాలు. వేళ్ళు విడిపించుకొని ఆయన నా పంజా పట్టుకున్నాడు, తర్వాత మూడు వేళ్ళు. ఎనిమిది. నేను మళ్ళీ మూడు. ఆయన మళ్ళీ ఎనిమిది. ఆయన చేతిలో బలం లేదు, అయినా వదలటం లేదు.

అక్క చేతిలో చాయ గ్లాసులతో వంటింటి గడపలో నిలబడి చూస్తోంది.

"ఇద్దరు కలిసి మళ్ళ నాకు తెలువకుండ బేరమా?" అన్నది.

గ్లాసులు గట్టు మీద పెట్టి వచ్చి తువ్వాల లాగేసింది. కింద మా రెండు చేతులు పట్టుబడిన దొంగల్లా ఉన్నాయి. ఆయన చేతిలో నా మూడు వేళ్ళు.

"ఏంటిది?"

"నేను మూడు చాలంటున్న. బావ ఎనిమిదంటుండు."

"గల్లీల ఎంత నడుస్తున్నది?"

నేను తల వంచుకున్నాను. రేటు కంటే ఎక్కువ కడుతున్నానని బావకు ఇప్పటికీ తెలియదు.

"తమ్మీ, నిన్నే. మేమొచ్చినప్పుడు ఎంత ఉండె? ఇప్పుడెంత ఉంది? నోటితోటి చెప్పు."

"అప్పుడు ఆరు. ఇప్పుడు ఏడు."

బావ నా వేళ్ళు వదిలేశాడు. మిషన్ గుర్రుమంటూనే ఉంది. ఆమె తువ్వాల మడతపెట్టింది. సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, నా భుజం మీద కాదు, నా ఒళ్ళో పెట్టింది.

"అయితే ఏడే ఇస్తం. నువ్వు తగ్గించుడు వద్దు, ఎక్కువ తీసుకునుడు వద్దు," అన్నది.

"అక్కా, ఆ పాతయి నెలకు రెండు వేలు..."

"గవి నువ్వు లెక్క కట్టుకొని తీసుకొచ్చి నా చేతుల పెట్టు. ఆయన చేతుల కాదు."

సరేనన్నాను. ఇంకేదో అనబోయాను. నవ్వించే మాటే అయ్యుంటుంది, నా నోటికి అదే కదా వచ్చేది.

"ఇగ చాలు," అన్నది. "చాయ తాగి కిందికి పో."

వంటింటి గోడ మీద కొత్త క్యాలెండరు ఉంది. తాగుతూ అటు చూశాను. ఆ నెలలో గడులన్నీ ఖాళీ, ఒక్క నిన్నటి గడిలోనే పెన్సిలుతో అంకె రాసి ఉంది. చదవటానికి దూరమైంది. అడగలేదు.